తెగిన కొస చూడు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ దీవెనలు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. దూది వడికే ఆ ఇనుప పుల్ల, అదే బిళ్లా కొక్కెం ఉన్న నీ తకిలి, బాగానే ఉంది. పోగు మాత్రం ఒకచోట వెంట్రుకలా, దాని పక్కనే కప్పను మింగిన పాములా ఉంది. నాలుగు రోజులు కూర్చున్నా మూరెడు పోగు నిలవడం లేదని, తకిలి మానేసి రాట్నం కొనుక్కుంటే నయమేమోనని రాశావు. రాట్నం ఇప్పుడు వద్దమ్మా. రాట్నం చేసేది పురి, అంటే మెలి, ఎక్కించడం, పోగు చుట్టడం. దూదిని సాగదీసి పోగు చేసేవి మాత్రం ఎడమచేతి వేళ్లు. ఆ వేళ్లకి ఇంకా పని రాలేదు. తకిలి నిదానంగా తిరుగుతుంది, ఆపమన్న చోట ఆగుతుంది, దూది దగ్గర ఏం జరుగుతోందో చూసుకునే తీరిక ఇస్తుంది. అందుకే మొదలు దానితోనే.

తెగిన ముక్కల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తున్నానన్నావు. ఆ పని మానెయ్. ఎందుకు తెగిందో ఆ కొసలోనే రాసి ఉంటుంది. దాన్ని చదవడం ఎలాగో కింద వివరంగా రాస్తాను. ముందు దూది సంగతి చూద్దాం.

మందుల షాపు దూదితో మొదలుపెట్టావు. సగం తిప్పలు అక్కడివే. అది గాయాలు తుడవడానికి చేసిన దూది. నీళ్లు ఇట్టే పీల్చుకోవాలని పింజ మీద, అంటే దూదిలోని సన్నటి పోచ మీద, సహజంగా ఉండే మైనాన్ని ఉడకబెట్టి తీసేసి, తెల్లగా బ్లీచింగ్ చేస్తారు. మైనం పోయిన పింజలు ఒకదాని మీద ఒకటి జారవు, పెనవేసుకుని ఉండిపోతాయి. పైగా అందులో పొట్టి పింజే ఎక్కువ. లాగితే సాగదు, ముద్దలుగా ఊడివస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లకి కూడా దానితో కష్టమే. పాత పరుపు దూదీ అంతే, పింజ నలిగి ముక్కలైపోయి ఉంటుంది. ఖాదీ వస్త్రాలయాల్లో అడిగి చూడు, కొన్నిచోట్ల తయారు ఏకులు తెప్పించి ఇస్తారు. ఒక 50 గ్రాములు తీసుకో. మొదట్లో నీ చేతికి వచ్చే లావు పోగు గ్రాముకి 10 మీటర్లు పడుతుందనుకున్నా, 50 గ్రాములకి 500 మీటర్లు వస్తుంది. నేర్చుకోవడానికి అది బోలెడంత.

ఏకిన, అంటే విడదీసి పొంగించిన, దూదిని సన్నటి పుల్ల మీద చుట్టి, పుల్ల లాగేస్తే మిగిలే మెత్తటి గొట్టమే ఏకు. చిటికెనవేలంత లావు, జానెడు పొడవు ఉంటుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటాం చూడు, ఆ ఏకు ఇదే. మంచి ఏకుని రెండు వేళ్లతో మెల్లగా నొక్కి వదిలితే మళ్లీ పొంగుతుంది. నొక్కినచోట అలాగే అణిగిపోతే అది పాతదో, బరువు కింద పడి నలిగిందో అనుకో. వెలుతురుకి ఎదురుగా పెట్టి కూడా చూడు. ఆవగింజలో సగం ఉండే గట్టి ఉండలు, ఆకు నలక కనిపిస్తే, అవి పోగులోకి వచ్చిన ప్రతిసారీ తెగడం ఖాయం. మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్ననూలు వడికేవాళ్లు ఏకుల్ని ఎండిన అరటిదొప్పలో పెట్టుకుంటారు. చెమట అంటదు, ఏకు నలగదు. నువ్వు ఒక అట్టపెట్టెలో వదులుగా పేర్చుకో. ప్లాస్టిక్ కవరులో కుక్కి పెట్టకు.

మీ అత్తగారి ఊరి చేలోంచి పత్తి తెప్పించుకుంటానని కూడా రాశావు. తెప్పించుకో, తప్పకుండా. ఇప్పుడు వేస్తున్న సంకర పత్తికి పింజ అంగుళం పైనే ఉంటుంది, నేర్చుకునే చేతికి అది అనుకూలం. గింజతో ఉన్న పత్తి 100 గ్రాములకి దూది 33 నుంచి 35 గ్రాములు వస్తుంది, మిగతాదంతా గింజే. ఒక పూట ఎండలో పెట్టి, పీట మీద గుప్పెడు గింజలు పరిచి, వేలంత నున్నటి ఇనుప కడ్డీతో అప్పడాల కర్ర దొర్లించినట్టు దొర్లిస్తే గింజ ముందుకి జారిపోతుంది, దూది వెనక మిగులుతుంది. గింజ చితికేంత బరువు వెయ్యకు. చితికితే పెంకు ముక్కలు దూదిలో కలిసిపోతాయి, వాటిని ఏరడం ఎవరి వల్లా కాదు. పొందూరులో ఈ పనికి ముందే వాలుగ చేప దవడతో ఒక్కో గింజ మీది దూదినీ దువ్వుతారు. ఆ దవడలోని సన్నటి పళ్లు పింజల్ని వరసలో పెడతాయి, నలకని వదిలిస్తాయి. వాళ్ల పోగు అంత సన్నగా రావడం వెనక రాట్నం కంటే ముందు ఆ దువ్వెన ఉంది.

దూది ఏకడానికి నీ దగ్గర విల్లు ఉండదు కాబట్టి, కుక్కలకి దువ్వే వంగిన తీగ పళ్ల బ్రష్షులు రెండు కొనుక్కో. ఒకదాని మీద 1 గ్రాము దూది పలచగా పరిచి, రెండోదాన్ని పళ్లు పళ్లలోకి దిగకుండా పైపైన లాగు. ఏడెనిమిదిసార్లు లాగితే మంచు తెరలా వస్తుంది. దాన్ని స్వెటర్లు అల్లే సూది మీద వదులుగా చుట్టి సూది లాగేస్తే ఏకు. ఎక్కువ దూది పెడితే ఏకు మధ్యలో ముద్ద ఉండిపోతుంది. బిగించి చుడితే సాగదు.

ఏ దూది అయినా వడకబోయేముందు ఒక చిన్న పరీక్ష చెయ్యి. చిటికెడు దూది తీసి, రెండు చేతులతో కొసలు పట్టుకుని మెల్లగా లాగి విడదీయి. ఇలా మూడు నాలుగుసార్లు విడదీసి ఒకదానిమీద ఒకటి పెడితే పింజలన్నీ ఒకే వైపు పడుకుంటాయి. స్కేలు మీద పెట్టి పొడవు కొలుచుకో. 25 మిల్లీమీటర్లో, 28 మిల్లీమీటర్లో వస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి, ఎందుకో ఇంకాసేపట్లో చెబుతాను.

తకిలి విషయంలో చూడాల్సినవి రెండే. ఇనుప పుల్లని గాజు పలక మీద దొర్లించు, ఎగిరెగిరి పడకుండా దొర్లితే తిన్నగా ఉన్నట్టు. పైన కొక్కెం దగ్గర కాస్త దూదితో రుద్దు, దూది చిక్కుకుంటే అక్కడ గరుకు ఉంది, సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా చెయ్యి. కింద మొన ఆనడానికి సగం కొబ్బరి చిప్ప పెట్టుకో. నేల మీద అయితే మొన అటూ ఇటూ పరుగెత్తుతుంది, చిప్పలో అయితే బొంగరంలా ఒకేచోట నిలబడి తిరుగుతుంది. గాల్లో వేలాడదీసి తిప్పే ఫోటో పెట్టావు, అది ఉన్నికి సరిపోతుంది. పత్తి పింజ పొట్టిది, పురి పూర్తిగా ఎక్కకముందే తకిలి బరువు మీద పడితే ఊడిపోతుంది.

ఇంక కూర్చునే చోటు. ఫ్యాను ఆపెయ్. ఏసీ కూడా ఆపాల్సిందే, ఏసీ గదిలో గాలి పొడిబారి పింజ పెళుసుగా అవుతుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోగు మీద నూగు లేస్తుంది. గాలిలో తేమ ఉన్నప్పుడు పత్తి మెత్తగా, బలంగా ఉంటుంది. ఢాకా మస్లిన్ పోగు వడికినవాళ్లు పొద్దున్నే మంచు తేమ ఉండగానే పని ముగించుకునేది అందుకే. నువ్వూ ఉదయం పూట కూర్చో, లేకపోతే పక్కన తడి తువాలు ఆరేసుకో. ఒళ్లో నల్లగుడ్డ పరుచుకో. తెల్లటి పోగు తెల్లటి చున్నీ మీద కనబడదు, తప్పు ఎక్కడ జరిగిందో కనబడకపోతే దిద్దుకోలేవు. గోళ్లు నున్నగా కత్తిరించుకో. రోజుకి 20 నిమిషాలు చాలు. అంతకు మించితే మెడ పట్టేస్తుంది, వేళ్లు బిగుసుకుంటాయి, బిగుసుకున్న వేళ్లతో వడికింది వడికినట్టే తెగుతుంది.

తకిలి ముట్టుకునేముందు ఒకసారి వత్తి చేసినట్టు చెయ్యి. కార్తీకమాసానికి 365 వత్తులు చేసే ఇంట్లో పుట్టినదానివి, ఈ పని నీ వేళ్లకి తెలుసు. ఏకు కొసనుంచి కాసిన్ని పింజలు పట్టుకుని అంగుళం లాగు, ఊడిపోనివ్వకు. లాగిన ముక్కని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పురిపెట్టు. ఇంకో అంగుళం లాగు, పురిపెట్టు. ఇలా బెత్తెడు చేశాక దాన్ని లాగి చూడు, తెగదు. దూది లాగితే విడిపోయేది, పురిపెట్టగానే తాడైంది. నేతగాడు వాడే నూలంతా ఇదే పని. తకిలి నీ రెండు వేళ్ల బదులు తిరుగుతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

మొదటి పోగుగా పూలు కట్టే నూలుదారం రెండడుగులు తీసుకో. కుట్టు మిషను దారం మెరుగు పెట్టింది, జారిపోతుంది. ఒక కొసని బిళ్లకి కాస్త పైన ముడివేసి, నాలుగు చుట్లు చుట్టి, పుల్ల చుట్టూ మెలికగా పైకి తీసుకెళ్లి కొక్కేనికి తగిలించు. రెండో కొసని ఒక అంగుళంన్నర విప్పి కుచ్చులా చెయ్యి. ఏకు కొసనుంచి అంతే పొడవు పింజలు లాగి, కుచ్చు మీద పరిచి, ఎడమచేతి వేళ్లతో అదిమి పట్టుకో. కుడిచేత్తో తకిలి పుల్లని చిటిక వేసినట్టు తిప్పు. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగేవైపు తిరగాలి. ఎప్పుడూ అటే. తకిలి ఊపు తగ్గి ఆగాక తనంతట తనే వెనక్కి తిరుగుతుంది, నీకు తెలియకుండానే ఎక్కిన పురి అంతా విప్పేస్తుంది. కొత్తవాళ్ల పోగుల్లో చాలా భాగం తెగేది అప్పుడే. ఆగబోతోందనగానే మళ్లీ చిటిక వెయ్యి, లేదా పట్టుకుని ఆపెయ్.

తిప్పుతూనే దూది లాగాలని చూస్తున్నావు నువ్వు. మొదటి వారం అలా వద్దు. రెండు పనుల్నీ విడదీయి. ముందు తకిలిని నాలుగైదుసార్లు తిప్పి పోగులోకి పురి నింపు. తకిలిని ఆపి మోకాళ్ల మధ్య పెట్టుకో. ఇప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేళ్లతో ఏకు మూతికి సరిగ్గా కింద పోగుని నొక్కి పట్టుకో. పురి అక్కడ ఆగి కాచుకుని ఉంటుంది. ఎడమచేతిని మెల్లగా వెనక్కి జరుపు, పింజలు అంగుళం మేర సాగి పలచని తోకలా వస్తాయి. కుడిచేతి పట్టు కొంచెం సడలించి, వేళ్లని ఆ తోక మీదుగా పైకి జరుపు. పురి నీ వేళ్ల వెనకే పరిగెత్తుకొస్తుంది, తోక గుండ్రటి పోగైపోతుంది. మళ్లీ నొక్కు, మళ్లీ లాగు, మళ్లీ జరుపు. నింపిన పురి అయిపోయేదాకా ఇలాగే. ఈ లయ అలవాటైతే తకిలి ఆపాల్సిన అవసరం దానంతటదే పోతుంది. పది రోజులు పట్టొచ్చు, పట్టనీ.

ఇక్కడే ఇందాక కొలిచిన పింజ పొడవు కావాలి. లాగేటప్పుడు రెండు చేతుల మధ్య దూరం ఆ పొడవుకి సమానంగానో, రవ్వంత ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే ఒకే పింజ రెండు కొసల్నీ రెండు చేతులూ పట్టుకున్నట్టవుతుంది, ఎంత లాగినా జరగదు. మరీ ఎక్కువైతే మధ్యలో ఉన్న పింజల్ని ఎవరూ పట్టుకుని ఉండరు, విడిపోతాయి. "దూది అసలు కదలదు, బలంగా లాగితే ఒక్కసారి ఊడిపడుతుంది" అని రాశావే, చేతులు మరీ దగ్గరగా పెట్టి గట్టిగా పట్టుకోవడమే కారణం. ఏకుని వేయించిన అప్పడం పట్టుకున్నట్టు పట్టుకోవాలి. జారిపడకూడదు, చిట్లకూడదు.

ఇప్పుడు ఆ కప్పను మింగిన పాము సంగతి. పురి ఎప్పుడూ సన్నటి చోటుకే ముందు పోతుంది. లావు చోటు తిరగడానికి మొండికేస్తుంది కాబట్టి అక్కడ పురి తక్కువ పడుతుంది. అందువల్ల సన్నచోట పురి మితిమీరి తెగుతుంది, లావుచోట పురి చాలక ఉబ్బుగా ఉండిపోతుంది. కానీ ఆ గుణమే నీకు ఉపకారం కూడా. లావుచోట పురి తక్కువ ఉంది కాబట్టి అక్కడ పింజలు ఇంకా జరుగుతాయి. ఉబ్బుకి అటూ ఇటూ, ఒక్కో అంగుళం దూరంలో రెండు చేతులతో పట్టుకుని, పురిని రెండు తిప్పులు వదులు చేసి, మెల్లగా లాగి చూడు. ఉబ్బు కరిగి పక్క పోగుతో సమానమవుతుంది. అప్పుడు మళ్లీ పురి ఎక్కించు. పత్తి వడకడంలో చెయ్యి తిరగడం అంటే ఇదే. లాగి సన్నం చేశాక పురి పెట్టడం ఒక మెట్టు, కొంచెం పురి పెట్టి దాని సాయంతోనే లాగి సమం చేసుకోవడం పై మెట్టు.

తెగిన కొసల దగ్గరికి వద్దాం. తెగగానే ఏమీ కదపకుండా రెండు కొసల్నీ నల్లగుడ్డ మీద పెట్టు.

కొస పొడుగ్గా, కుంచె మొనలా పలచబడుతూ ముగిసిందనుకో, పింజ ఒక్కటి కూడా తెగలేదు, ఒకదాని మీద ఒకటి జారి విడిపోయాయి. పురి చాలలేదన్నమాట. ఇంకో నాలుగు తిప్పులు ఎక్కించి ఉంటే నిలిచేది. నీ ఫోటోలో ఉన్నవి మూడొంతులు ఇవే. తకిలి వెనక్కి తిరిగి పురి విప్పేసినా కొస ఇలాగే ఉంటుంది, అంచేత ముందు ఆ సంగతి చూసుకో.

కొస మొద్దుగా, కత్తిరించినట్టు ఉండి, వదలగానే స్ప్రింగులా చుట్టుకుపోతే పురి ఎక్కువైంది. అది సన్నటి చోటే అయి ఉంటుంది. దాని పక్కన ఉబ్బు ఉందేమో చూడు, తప్పకుండా ఉంటుంది. ఈ జబ్బుకి మందు తకిలి తగ్గించి తిప్పడం కాదు, పోగుని సమంగా లాగడం.

కొసలో చిన్న ఉండో, నలకో ఇరుక్కుని కనిపిస్తే తప్పు నీది కాదు, ఏకుది. వడికేటప్పుడు అలాంటివి మూతి దగ్గరికి రాగానే గోటితో తీసెయ్, పోగులోకి పోనివ్వకు.

తెగినచోటు ప్రతిసారీ కొక్కెం దగ్గరే అయితే అక్కడ గరుకు ఉంది. ప్రతిసారీ ఏకు మూతి దగ్గరే అయితే ఎడమచెయ్యి బిగిసింది. అతుకు దగ్గరే అయితే పింజల్ని తగినంత పొడవు పరచలేదు. వడికేటప్పుడు బాగానే ఉండి, తకిలి పుల్ల మీద కండెగా చుట్టేటప్పుడు తెగుతుంటే చుట్టబోయేముందు నాలుగు తిప్పులు అదనంగా వెయ్యి. పోగు చుట్టడానికి లాగేసరికి దాని మీద బరువు పడుతుంది, దానికి సిద్ధంగా ఉండాలి.

ఒక నల్ల కాగితం తీసుకుని, తెగిన కొసల్ని రోజుకి ఒక పదింటిని టేపుతో అతికించి, పక్కన తేదీ వెయ్యి. మొదటి రోజు కుంచె మొనలు, ఐదో రోజుకి స్ప్రింగులు వస్తాయి, ఎందుకంటే పురి తక్కువని తెలిశాక అందరూ అతిగా ఎక్కిస్తారు. ఆ తర్వాత రెండూ తగ్గుతూ వస్తాయి.

తెగిన పోగుని ఎప్పుడూ ముడివెయ్యకు. ముడి నేతలో పన్నెలో, అదే మగ్గం మీది దువ్వెనలాంటి దానిలో, తట్టుకుంటుంది, గుడ్డలో మొటిమలా లేస్తుంది. పోగు కొసని అంగుళంన్నర పురి విప్పి, కుచ్చుగా చేసి, ఏకు పింజల మీద పరిచి, పైన చెప్పినట్టే పురిపెట్టు. మంచి అతుకు వేలితో తడిమినా తెలియకూడదు.

పురి సరిపోయిందో లేదో తెగకముందే తెలుసుకోవచ్చు. వడికిన పోగుని అడుగు పొడవు పట్టుకుని రెండు కొసల్నీ దగ్గరికి తీసుకురా. పోగు నీరసంగా వేలాడితే తక్కువ. మధ్యలో వదులుగా నాలుగైదు మెలికలు పడితే సరి. పట్టుకోగానే గుడుగుడుమని చిక్కుపడి ముడతలు లేస్తే ఎక్కువ. లెక్క ప్రకారం కావాలంటే, 10 నంబరు నూలుకి (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం, ఆ లెక్క కింద చెబుతాను) అంగుళానికి 12 నుంచి 13 చుట్ల పురి ఉండాలి. అంటే అడుగు పోగుకి తకిలి దాదాపు 150 సార్లు తిరగాలి. నువ్వు రెండు చిటికలు వేసి చాలనుకుంటున్నావేమో, ఇప్పుడు తెలిసిందా ఎందుకు జారిపోతోందో. పింజ పొట్టిదైతే ఇంకాస్త ఎక్కువ పురి కావాలి, ఒక్కో పింజకి పక్కదాన్ని పట్టుకునే చోటు తక్కువ కాబట్టి. పోగు సన్నబడ్డకొద్దీ కూడా పురి పెరగాలి. 25 నంబరుకి అంగుళానికి 20 చుట్లు, 100 నంబరుకి 40.

మూరెడు పోగు అయ్యాక కొక్కెంనుంచి తప్పించి, బిళ్ల పైన చుట్టు. కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, శంఖం అడుగులా కండె కట్టాలి. వదులుగా చుడితే చుట్లు ఒకదానిలోకి ఒకటి దిగబడి విప్పేటప్పుడు చిక్కుపడతాయి. ప్రతిసారీ జానెడు పోగు మిగుల్చుకుని మళ్లీ మెలికగా కొక్కేనికి తీసుకెళ్లు. పుల్లలో మూడోవంతు నిండగానే దింపెయ్, బరువెక్కిన తకిలి మందకొడిగా తిరుగుతుంది.

నంబరు అన్నాను కదా, దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అర మీటరు పొడవున్న చెక్కపలకకి పోగు చుడితే ఒక్కో చుట్టు మీటరు. 100 చుట్లు చుట్టి, తీసి, నగల తూకం యంత్రం మీద తూచు. 59ని ఆ గ్రాములతో భాగిస్తే వచ్చేదే నూలు నంబరు. 100 మీటర్లు 12 గ్రాములు తూగితే సుమారు 5 నంబరు, 6 గ్రాములైతే 10, 3 గ్రాములైతే 20. 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్నయితే ఒక పౌండు తూగుతాయో ఆ సంఖ్యే నంబరు, ఈ 59 దాన్నుంచి వచ్చిందే. నీ మొదటి చిలప 5 నంబరు వచ్చినా బాధపడకు, సమంగా ఉందా లేదా అన్నదే చూడు. సన్నం తర్వాత వస్తుంది. పొందూరులో 100 నంబరు వడుకుతారు, అంటే ఆ 100 మీటర్లూ కలిపి అర గ్రాము పైన కొంచెం. దాన్ని ఒకసారి అరచేతిలో వేసుకుని చూడాలి నువ్వు. ఊపిరి గట్టిగా వదిలితే కదిలిపోతుంది, అయినా మగ్గం మీద నిలిచి చీరవుతుంది. చెయ్యి చేసే పనిలో ఇంతకంటే సున్నితమైనది నాకు తెలిసి లేదు.

చుట్టిన చిలపని పలకనుంచి తీసేముందు నాలుగుచోట్ల వదులుగా దారంతో కట్టు, అటు సగం ఇటు సగం విడదీసి ఎనిమిది అంకెలా. లేకపోతే నీళ్లలో పడగానే చిక్కైపోతుంది. వడికిన నూలు అలాగే వదిలితే మెలికలు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఉడకబెట్టి శాంతపరచాలి. గిన్నెడు నీళ్లలో అర చెంచా చాకలి సోడా వేసి చిలపని ముంచు. మొదట మునగదు, మైనం ఉంది కాబట్టి తేలుతుంది. గరిటెతో నొక్కి 30 నిమిషాలు మరగనీ. తెల్లటి నూలేనని నువ్వనుకుంటావు గానీ నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. అదంతా పింజ మీది మైనం, జిగురు. చన్నీళ్లలో రెండుసార్లు జాడించి, పిండకుండా తువాలులో అదిమి, నీడన వేలాడదీయి. ఆరాక చూస్తే పోగు బిగిసి, గుండ్రంగా, బుద్ధిగా ఉంటుంది. రంగు వేసినా అప్పుడే పడుతుంది.

మొదటి చిలపతో ఏం చెయ్యాలని అడిగావు. ఒంటిపోగు మీద కుట్టడం, అల్లడం వద్దు. రెండు కండెల పోగుల్ని కలిపి, ఈసారి తకిలిని ఎడమవైపుకి, అంటే వడికిన దానికి ఎదురు దిక్కులో తిప్పుతూ పేను. ఒకదాని పురి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, మెలిక తిరగడం ఆగిపోతుంది, ఒకదాని సన్నచోటు పక్కన రెండోదాని లావుచోటు పడి హెచ్చుతగ్గులు కూడా సర్దుకుంటాయి. జంధ్యానికి పోగులు కలిపి పేనేది ఈ సూత్రం మీదే. పేనిన దారంతో క్రోషే అల్లుకోవచ్చు, మాలలు కట్టుకోవచ్చు. పేనకుండా మిగిలింది వత్తులకి వాడు.

రాట్నం ఎప్పుడంటావా. 100 మీటర్ల చిలపలో పది అతుకులకి మించకుండా వడకగలిగిన రోజున పెట్టె రాట్నం తీసుకో. ఎంచుకునేటప్పుడు కదురు మీద, అంటే పోగు చుట్టుకునే ఇనుప పుల్ల మీద, దృష్టి పెట్టు. చక్రం తిప్పితే కదురు మొన ఒకేచోట చుక్కలా నిలబడి కనిపించాలి, మొన వలయం గీస్తున్నట్టు ఊగితే కదురు వంకర, అది వద్దు. తాడు బిగువు చక్రం తేలిగ్గా తిరిగేంత, జారిపోకుండా ఉండేంత. కదురు మొననుంచి పోగు ఏటవాలుగా వస్తే పురి ఎక్కుతుంది, కదురుకి అడ్డంగా తెస్తే చుట్టుకుంటుంది. మిగతాదంతా తకిలి మీద ఎడమచెయ్యి నేర్చుకున్నదే.

నల్ల కాగితాల సంగతి మరిచిపోకు. పది రోజులయ్యాక మొదటి రోజుదీ, ఐదో రోజుదీ, పదో రోజుదీ మూడింటినీ కవరులో పెట్టి పంపు. ఫోటో వద్దు, ఫోటోలో పింజ తెగిందో జారిందో అన్నిసార్లూ స్పష్టంగా తెలియదు. పక్కనే ఉడకబెట్టిన పోగు ఒక మూర, ఉడకబెట్టనిది ఒక మూర, వాడిన ఏకు ఒకటి కూడా పెట్టు. చూసి మళ్లీ రాస్తాను.

మీ పెద్దమ్మ